టెక్సాస్ హైస్కూల్లో అమెరికా చరిత్ర చెప్పే దాకా: నా అనుభవం

విశాఖపట్నంలో ఎంఏ చరిత్ర చదివి, కొన్నేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన నేను ఇప్పుడు టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతికి అమెరికా చరిత్ర, పన్నెండో తరగతికి అమెరికా ప్రభుత్వ వ్యవస్థ బోధిస్తున్నాను. ఇక్కడికి వచ్చిన మనవాళ్లలో టీచర్ కావాలనుకునేవారు ఎక్కువగా లెక్కలు, సైన్సు, కంప్యూటర్ సబ్జెక్టుల వైపే వెళతారు. సోషల్ స్టడీస్ అనేసరికి, ఈ దేశపు చరిత్రను ఈ దేశపు పిల్లలకే మనం ఏం చెబుతామన్న సంకోచం అడ్డొస్తుంది. అసలు పత్రాలను పిల్లల ముందు పెట్టి, పక్కన కూర్చుని చదివించే ఓపిక ఉంటే ఎక్కడ పుట్టినవారైనా ఈ సబ్జెక్టు చక్కగా చెప్పగలరని నా గట్టి నమ్మకం. విదేశాంగ విధానం పాఠాల్లో అయితే బయటి నుంచి వచ్చినవారికి కొంత అనుకూలత కూడా ఉంది.

మావారి ఉద్యోగం వల్ల నేను హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చాను. భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు ప్రయత్నంలో యజమాని వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వస్తే హెచ్-4 వారికి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే నెలలో అమల్లోకి వచ్చింది. ఆ పని అనుమతి కార్డు (ఈఏడీ) చేతికి అందాకే ఈ పని మొదలుపెట్టాను. ముందుగా మన డిగ్రీలు ఇక్కడి డిగ్రీలకు సమానమని గుర్తింపు ఉన్న సంస్థ చేత, ఒక్కో సబ్జెక్టు వారీగా మదింపు చేయించుకోవాలి. మార్కుల జాబితాలు విశ్వవిద్యాలయం సీలు వేసిన కవరులో రావాలన్నారు కనుక ఆ తిరుగుడంతా మా తమ్ముడు తిరిగి పంపించాడు. ఆ తర్వాత, ఉద్యోగం చేస్తూనే సర్టిఫికెట్ సంపాదించుకునే ప్రత్యామ్నాయ శిక్షణ కార్యక్రమంలో చేరాను. వేలిముద్రలు, ఫీజులు, క్లాసుల పరిశీలన వంటివి విసుగు పుట్టించినా కష్టమైనవి కావు.

కష్టమంతా టెక్సెస్ అనే టీచర్ అర్హత పరీక్షల్లోని కంటెంట్ (సబ్జెక్టు) పరీక్షలో ఉంది. ఏడు నుంచి పన్నెండు తరగతుల సోషల్ స్టడీస్ పరీక్షలో 140 ప్రశ్నలు ఉంటాయి. 300 వరకు ఉండే స్కేలు మీద 240 తెచ్చుకోవాలి. ప్రపంచ చరిత్ర, అమెరికా చరిత్ర, భూగోళం, ప్రభుత్వం, ఆర్థికశాస్త్రం అన్నీ అందులోనే ఉంటాయి, వాటితోపాటు టెక్సాస్ చరిత్ర. 1836 ఏప్రిల్ 21న శాన్ జసింటో యుద్ధంలో మెక్సికో సైన్యాన్ని ఓడించి, తొమ్మిదేళ్లు విడి దేశంగా ఉండి, 1845లో అమెరికాలో కలిసిన ఈ రాష్ట్రం తన చరిత్రను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో ఇక్కడ పాఠాలు చెప్పబోయేవారు ముందే గ్రహించడం మంచిది. పరీక్ష కోసం గైడ్లు కొనే ముందు నేను అమెరికా రాజ్యాంగాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఏడు అధికరణలు, 27 సవరణలు. 395 అధికరణలతో మొదలైన మన రాజ్యాంగంతో పోలిస్తే ఒక్క పూటలో పూర్తయ్యే పత్రం. మళ్లీ మళ్లీ చదవగలిగినంత చిన్నది కావడం వల్లనే నాకు అది బాగా ఒంటబట్టింది.

పార్లమెంటరీ వ్యవస్థలో పెరిగినవారు ఇక్కడ ప్రత్యేకంగా ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ పోతే ప్రభుత్వమే పోతుంది. ఇక్కడ కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన చట్టసభ) మొత్తం ఎదురుపార్టీ చేతుల్లో ఉన్నా అధ్యక్షుడు తన పదవిలోనే ఉంటాడు. యుద్ధం ప్రకటించే అధికారాన్ని మొదటి అధికరణ కాంగ్రెస్‌కు ఇచ్చింది, సైన్యానికి అధిపతిగా రెండో అధికరణ అధ్యక్షుణ్ణి నిలబెట్టింది, ఒప్పందాలకు సెనేట్‌లో మూడింట రెండు వంతుల సమ్మతి కావాలంది. విదేశాంగ విధానంలో ఈ దేశం పడిన పెనుగులాటలో పెద్ద భాగం ఈ మూడు వాక్యాల మధ్యనే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం మీద 1920 మార్చిలో సెనేట్ చివరిసారి ఓటు వేసినప్పుడు అనుకూలంగా 49, వ్యతిరేకంగా 35 వచ్చాయి. మెజారిటీ ఉంది, ఒప్పందం మాత్రం వీగిపోయింది. ఎన్ని ఓట్లు తక్కువపడ్డాయో లెక్క కట్టమని పిల్లలకు చెబితే ఏడు అని తేలుస్తారు. ఆ లెక్క వేసిన తర్వాత అధ్యక్షుడు విల్సన్ సెనేట్‌తో ఎందుకు రాజీపడలేదన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే వస్తుంది.

పరీక్ష గట్టెక్కి, శిక్షణలో ఉండగా ఇచ్చే ఇంటర్న్ సర్టిఫికెట్ మీద ఉద్యోగంలో చేరాక అసలు పని మొదలైంది. ఇక్కడ హైస్కూలు అమెరికా చరిత్ర 1877 నుంచి నేటి వరకు సాగుతుంది. అంతకు ముందు భాగం ఎనిమిదో తరగతిలోనే అయిపోతుంది. అంటే పదకొండో తరగతి విద్యార్థి రాజ్యాంగ రచన గురించి చదివి మూడేళ్లు అవుతుంది. ఏడాది చివర రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష గట్టెక్కడం గ్రాడ్యుయేషన్‌కు అవసరం కనుక ప్రతి వారం ముందుకు తోసుకుపోవాలి. ఆ పరీక్షలో మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలు 75 శాతానికి మించకుండా 2023లో మార్పు చేయడం, పిల్లలు రెండు వాక్యాలైనా సొంతంగా రాయవలసి రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. నా పద్ధతికి అది కలిసొచ్చింది.

ఆ పద్ధతి ఏమిటో ఒక్క పాఠంతో చెబుతాను. 1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో మ్యాడాక్స్ అనే అమెరికన్ యుద్ధనౌక మీద ఉత్తర వియత్నాం టార్పెడో పడవలు దాడి చేశాయి. ఆగస్టు 4న రెండోసారి దాడి జరిగిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రెండో దాడి జరగనే లేదని తర్వాత తేలింది. ఆగస్టు 7న ప్రతినిధుల సభ 416-0తో, సెనేట్ 88-2తో అధ్యక్షుడు జాన్సన్‌కు అధికారం ఇస్తూ తీర్మానం చేశాయి. పిల్లలకు ఈ కథ చెప్పకుండా, ఒక పేజీ కూడా నిండని ఆ తీర్మానాన్ని ముందు చేతికిస్తాను. ఆగస్టు 7 నాటికి సభ్యులకు తెలిసిన సమాచారం మాత్రమే బోర్డు మీద రాసి, చేతులెత్తి ఓటు వేయమంటాను. దాదాపు క్లాసంతా అనుకూలంగానే వేస్తుంది. తర్వాత మూడో సెక్షన్ మీద పెన్సిలు పెట్టి నెమ్మదిగా చదవమంటాను. ఆ ప్రాంతంలో శాంతి నెలకొందని అధ్యక్షుడు నిర్ణయించినప్పుడు ఈ తీర్మానం ముగుస్తుంది, లేదా కాంగ్రెస్ మరో తీర్మానంతో దాన్ని రద్దు చేయవచ్చు అని అందులో ఉంది. చివరి వరుసలో కూర్చునే ఒక అమ్మాయి, సాధారణంగా నోరు విప్పని పిల్ల, "మిస్, ఎప్పుడు ఆపాలో కూడా ఆయనే చెబుతాడా?" అని అడిగింది. అప్పుడు వ్యతిరేకంగా ఓటు వేసిన ఆ ఇద్దరి, అంటే ఒరెగన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్‌ల పేర్లు బోర్డు మీద రాశాను.

మర్నాడు టేపు వినిపిస్తాను. ఆస్టిన్‌లోని జాన్సన్ అధ్యక్ష గ్రంథాలయం ఆయన ఫోన్ సంభాషణలను అందరికీ అందుబాటులో ఉంచింది. తీర్మానానికి రెండు నెలల ముందు, 1964 మే 27న, జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడుతూ జాన్సన్ వియత్నాం కోసం పోరాడటం తగినదని తాను అనుకోవడం లేదని, అలాగని బయటపడగలమనీ అనుకోవడం లేదని అంటాడు. ఆ గొంతు, ఆ యాస మా పిల్లల తాతలదే. ఒకప్పుడు ఇదే టెక్సాస్‌లోని కొటుల్లాలో మెక్సికన్ మూలాలున్న పేద పిల్లలకు పాఠాలు చెప్పిన టీచరు ఆయన. దేశాల వారీ కోటాలను తొలగించిన వలస చట్టంపై 1965 అక్టోబర్ 3న లిబర్టీ దీవిలో సంతకం చేసినదీ ఆయనే, ఆ చట్టం తెరిచిన దారినే తొలితరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి వచ్చారు. ఒకే మనిషిలో ఇవన్నీ ఉన్నాయని చూసిన తర్వాత పిల్లలు మంచివాడా చెడ్డవాడా అని అడగడం మానేసి, ఏం తెలిసి ఏం చేశాడని అడగడం మొదలుపెడతారు. 1973లో అధ్యక్షుడు నిక్సన్ వీటోను కూడా తోసిపుచ్చి కాంగ్రెస్ యుద్ధాధికారాల చట్టం ఎందుకు తెచ్చిందో, అందులో సైన్యాన్ని పంపిన 48 గంటల్లో అధ్యక్షుడు తమకు తెలియజేయాలని, అనుమతి లేకపోతే 60 రోజుల్లో సైనిక చర్యను ముగించాలని ఎందుకు రాశారో అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

1971 పాఠానికి నేను ప్రత్యేకంగా సిద్ధమయ్యాను. నేను విశాఖలో పెరిగినదాన్ని. భారత్–పాకిస్తాన్ యుద్ధం జరిగిన ఆ ఏడాది డిసెంబర్ మొదట్లో మా తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి, ఆ తర్వాత బంగాళాఖాతం వైపు అమెరికా పంపిన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌక గురించి వింటూ పెరిగాను. ఘాజీ కూడా అంతకు ముందు డయాబ్లో పేరుతో అమెరికా నావికాదళంలో ఉన్నదే, 1960లలో పాకిస్తాన్‌కు అప్పగించినదే. ఇక్కడి పాఠ్యాంశంలో మాత్రం 1971 అంటే చైనాతో సంబంధాలకు దారి తెరుచుకున్న సంవత్సరం. ఆ జూలైలో నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగానే రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. ఈ రెండు కథలూ ఒకే కథ కనుక పిల్లలను మూడు జట్లు చేశాను. మొదటి జట్టుకు చైనాతో స్నేహం వల్ల ప్రచ్ఛన్న యుద్ధంలో వైట్‌హౌస్ ఆశించిన లాభాలు, రెండో జట్టుకు తూర్పు పాకిస్తాన్‌లో జరుగుతున్న హింసపై తమ ప్రభుత్వం మౌనాన్ని తప్పుపడుతూ ఢాకా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ కార్యాలయం 1971 ఏప్రిల్ 6న పంపిన టెలిగ్రాం, మూడో జట్టుకు ఆగస్టు 9న కుదిరిన భారత–సోవియట్ ఒప్పందం ఇచ్చాను. మా ఊరి సంగతి వాళ్లు వాదించుకోవడం పూర్తయ్యేవరకు చెప్పలేదు. టీచర్ ఎటువైపో ముందే తెలిస్తే పిల్లలు పత్రాన్ని వదిలి టీచర్ ముఖాన్ని చదువుతారు. తర్వాత చెప్పినప్పుడు, అన్న నేవీలో ఉన్న ఒక కుర్రాడు ఘాజీ పాత పేరు గురించి పీరియడ్ అయ్యాక కూడా ఆగి అడిగాడు.

వివాదాస్పద వర్తమాన విషయాలను చర్చించమని టీచర్‌ను బలవంతం చేయకూడదని, చర్చిస్తే రాజకీయ పక్షపాతం లేకుండా చేయాలని టెక్సాస్ 2021లో చట్టం చేసింది. దీన్ని చూసి కొందరు కొత్త టీచర్లు 1945 దాటగానే వేగం పెంచుతారు. అది పిల్లలకు నష్టమని నేను అనుకుంటాను. ఆ చట్టానికి లోబడే, పన్నెండో తరగతిలో సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కాంగ్రెస్ ఆమోదించిన 2001 సెప్టెంబర్ 14 నాటి సైనిక చర్య తీర్మానాన్ని 1964 తీర్మానం పక్కన పెట్టి చదివిస్తాను. సెనేట్‌లో 98-0, ప్రతినిధుల సభలో 420-1. ఆ ఒక్క ఓటు బార్బరా లీది. రెండు పత్రాల్లో ముగింపు తేదీ ఎక్కడుందో వెతకడమే ఆ రోజు పని. ఇంటికి వెళ్లి ఏ అభిప్రాయానికి వస్తారన్నది వాళ్ల ఇష్టం, వాళ్ల తల్లిదండ్రుల ఇష్టం.

ఇంటర్న్ ఏడాది పొడవునా శిక్షణ సంస్థ పరిశీలకులు క్లాసుకు వచ్చి వెనక కూర్చుని రాసుకుని వెళ్లారు; మెంటర్‌గా ఇచ్చిన సీనియర్ టీచర్ తన ఫైళ్లన్నీ నా ముందు పెట్టారు, ఆమె మేలు మరువలేను. బోధనా పద్ధతుల పరీక్ష కూడా అయ్యాక ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసిన స్టాండర్డ్ సర్టిఫికెట్ వచ్చింది. ఈ దారిలో రావాలనుకునేవారు ఈఏడీ గడువును, విద్యాసంవత్సరాన్ని పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి. మార్కుల జాబితాల కోసం ఇండియాకు అన్నిటికంటే ముందు రాయాలి. పరీక్ష పుస్తకాలకు డబ్బు పెట్టేలోపు అమెరికా విదేశాంగ శాఖ చరిత్ర విభాగం ప్రచురించే పత్రాల సంపుటాలు తెరవండి. అవి ఉచితం, 1971 దక్షిణాసియా సంపుటం కూడా అందులోనే దొరుకుతుంది.