పారిపోయేవాళ్లకి పక్కదారులెక్కడివి?

ఫైనల్ ఫాంటసీ 13 అనే వీడియో గేమ్ మాటెత్తితే చాలు, 'అదంతా ఒక కారిడారే కదా' అంటారు. 2009 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలైనప్పటి నుంచీ దాని మీద ఉన్న ఫిర్యాదే ఇది. నిజమే, కారిడారే. పదమూడు చాప్టర్లలో పది దాకా దాదాపు ముందుకు నడవడమే. ఊళ్లలో తిరిగి దుకాణాల్లో బేరాలాడేది లేదు, ఏం కొనాలన్నా ఆటని భద్రపరుచుకునే సేవ్ పాయింట్ దగ్గరే. మా తమ్ముడు వెనకాల కూర్చుని చూస్తూ "అక్కా, కాస్త పక్కకి కూడా పోనివ్వరా?" అని విసుక్కునేవాడు.

పోనివ్వరు. నాకు నచ్చింది అదే. ఆటలో మనం నడిపించే లైట్నింగ్, సాజ్, వనీల్, హోప్... వీళ్లందరి ఒంటి మీదా ఒక ముద్ర పడింది. చేయాల్సిన పనేంటో సరిగ్గా తెలియదు, చేయకపోతే రాక్షసులైపోతారు. వెనక సైన్యం తరుముతోంది, జనమేమో వీళ్ల పేరు చెబితేనే వణికిపోతున్నారు. అలాంటివాళ్లు ఊళ్లో ఆగి, కనిపించిన ప్రతి ముసలాయనతోనూ కబుర్లు చెప్పుకుంటూ తిరిగితే నేను నమ్మను.

ఎనిమిదో చాప్టర్లో సాజ్, వనీల్ నాటిలస్ అనే వినోద నగరానికి చేరతారు. లైట్లు, ఊరేగింపు, చోకోబోలనే పెద్ద పక్షులు, గొర్రెలు. సాజ్ జుట్టులో గూడు కట్టుకున్నట్టు ఉండే పిట్టపిల్ల ఎగిరిపోతే దాన్ని వెతుక్కుంటూ తిరగాలి, అంతే. అప్పటిదాకా పరిగెత్తీ పరిగెత్తీ వచ్చాం కాబట్టి ఆ కాసేపటి తీరిక ఎంత హాయిగా ఉంటుందో! ఆ వెంటనే సాజ్ కొడుకు సంగతీ, అందులో వనీల్ పాత్రా బయటపడతాయి. మొదటి నుంచీ ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చి ఉంటే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలేది కాదు.

నాకు కోపం తెప్పించింది దారి కాదు, యుద్ధాలు. బలం పెంచుకునే క్రిస్టేరియం మూడో చాప్టర్ దాకా చేతికే రాదు, వచ్చాక కూడా చాప్టర్‌కింత అని హద్దు. జట్టులో ఎవరుండాలో కూడా చాలా దూరం ఆటే నిర్ణయిస్తుంది. ఇది కథ కోరిన ఇరుకు కాదు, డిజైనర్లు పెట్టిన ఇరుకు. రెండింటినీ కలిపి తిట్టడం అన్యాయం.

పదకొండో చాప్టర్లో గ్రాన్ పల్స్ మైదానం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కొండంత తాబేళ్లు తిరుగుతుంటాయి, వాటి జోలికి అప్పుడే వెళ్లామా, చచ్చామే. అదిగో, అందరూ కోరుకున్న స్వేచ్ఛ! కానీ మిషన్లు మొత్తం అరవై నాలుగు, మనం వాటి వెంట తిరుగుతున్నంతసేపూ కథ ఓ మూల కూర్చుని ఎదురుచూస్తుంది.

ఫిర్యాదులకి జవాబా అన్నట్టు 2011లో దీని కొనసాగింపు, 13-2 వచ్చింది. హిస్టోరియా క్రక్స్ అని కాలాల మ్యాపు ఒకటి ఇచ్చారు. దారి తెరుచుకున్న ఏ యుగానికైనా వెళ్లొచ్చు, ఆ గేటు మూసేసి అదే కాలాన్ని మళ్లీ మొదటి నుంచీ ఆడొచ్చు. తిరగడానికి బాగానే ఉంది. తీరా కథ బిగుసుకున్నాక గ్రావిటాన్ కోర్లనే వస్తువులు ఐదు ఏరుకు రమ్మంటుంది. ఇందులో నాయిక, లైట్నింగ్ చెల్లెలు సెరా ప్రాణం మీదికి వస్తుంటే మనం పాత చోట్లన్నీ గాలిస్తూ ఉండాలి! నాకు అక్కడే ఆట చప్పబడిపోయింది.

మూడోది, లైట్నింగ్ రిటర్న్స్, నా లెక్కలో అన్నిటికన్నా తెలివైనది. లోకం పదమూడు రోజుల్లో అంతమవుతుంది, ఆ రోజులు కూడా మనం సంపాదించుకోవాల్సిందే. నాలుగు ప్రాంతాలు, ఎటైనా పోవచ్చు, కానీ గడియారం తిరుగుతూనే ఉంటుంది. నార్మల్ మోడ్‌లో యుద్ధం వదిలి పారిపోతే ఒక గంట పోతుంది. యుస్నాన్ నగరానికి వెళ్లాలా, ఎడారికి వెళ్లాలా అని టెన్షన్ పడుతూ ఎంచుకుంటాం, ఎంచుకున్న ప్రతిసారీ ఇంకెవరికో చేయాల్సిన సాయం వెనక్కి పోతుంది. విశాలమైన మైదానం కన్నా ఈ తర్జనభర్జనే నాకు ఎక్కువ స్వేచ్ఛనిచ్చింది.

మూడూ కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఉన్నాయి. మొదటిదానికి 60 జీబీ ఖాళీ చేసుకోవాలి. 'పదకొండో చాప్టర్ దాకా ఓపిక పట్టండి, తర్వాత బాగుంటుంది' అని చాలామంది చెబుతారు. నేను మాత్రం నాటిలస్ దాకా ఆడమంటాను. అక్కడ కూడా సాజ్ మీకు పట్టకపోతే, నిశ్చింతగా డిలీట్ చేసేయండి.