సోమవారం వచ్చే ట్రైలర్లు

జర్మనీలో గ్లైడర్లు బాగుచేసే వర్క్‌షాపులో నా ఉద్యోగం. ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ పని తెలుసని తీసుకున్నారు కానీ, ఇంజన్ లేని విమానం అంతసేపు గాల్లో ఎలా ఉంటుందో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు. వీళ్లకిది పాత పిచ్చి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీలో 1919 వెర్సాయ్ సంధి ఇంజన్ విమానాలకు కళ్లెం వేయడంతో, మరుసటి ఏడాదే కుర్రాళ్లు వాసర్‌కుప్పె కొండ మీద గ్లైడర్ పోటీలు పెట్టుకున్నారు. తొలి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్‌ని 1957లో ఎగరేసింది స్టుట్‌గార్ట్ విద్యార్థులు. ఒకరకంగా నాకు జీతం పెడుతున్నది వాళ్లే.

వేసవిలో శని, ఆదివారాలు ఎండ బాగా కాసిందంటే సోమవారం మాకు పని ఖాయం. గ్లైడర్ని రెక్కలు విప్పి పెట్టి తెచ్చిన పొడుగాటి ట్రైలర్ తలుపు తీయగానే తోక భాగం చూస్తాం. అది విరిగి ఉంటే జరిగింది అడగక్కర్లేదు. పొలంలో దిగేటప్పుడు రెక్క కొస ఏపుగా ఎదిగిన పంటకు తగిలి, గ్లైడర్ గిర్రున తిరిగిందన్నమాట. పైకి సన్నటి పగులే ఉంటుంది. నాణెంతో తట్టుకుంటూ వెళ్తే గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల పొరలు విడిపోయినచోట చప్పుడు మొద్దుబారుతుంది. పెన్సిల్‌తో హద్దు గీస్తూ పోతే, అరచేయంత అనుకున్న దెబ్బ మూరెడు తేలుతుంది. దాని చుట్టూ ఏటవాలుగా అరగదీసి, కొత్త పొరలు ఎపాక్సీ జిగురుతో అతికించి, వేడి గుడారంలో గంటల తరబడి ఉంచాలి.

పొలంలో దిగడమంటే ప్రమాదం జరిగినట్టు కాదు. వేడెక్కి పైకి లేచే గాలి, అదే థర్మల్, దొరక్కపోతే ఎవరైనా దిగాల్సిందే. మంచి గ్లైడర్ వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి నిశ్చలమైన గాలిలో 40 కిలోమీటర్లు పోగలదు కాబట్టి ఆలోచించుకోవడానికి టైం ఉంటుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ల కథల్లో మాత్రం ఆ టైమంతా "ఇంకొక్క థర్మల్ దొరుకుతుందేమో" అన్న ఆశకే పోతుంది. నేలకు 600 మీటర్ల పైనుండగా దిగదగ్గ ప్రాంతం చూసుకోవాలి, 450 దగ్గర ఫలానా పొలం అని తేల్చుకోవాలి, 300కి వచ్చేసరికి థర్మల్ మాట మరిచిపోయి దిగే పనిలో ఉండాలి. నేర్పే లెక్క ఇంచుమించు ఇది. ఎత్తు చూపే ఆల్టిమీటర్ని బయల్దేరిన ఎయిర్‌ఫీల్డ్ దగ్గర సున్నాకి పెట్టి ఉంటే, ఎత్తైన ఊళ్ల మీదికి వచ్చాక అది చూపే అంకెను నమ్మడానికి లేదు. కంటితోనే అంచనా కట్టాలి.

పొలం విషయానికొస్తే, కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరసే వెతకాలి. పశువులుంటే సన్నటి ఫెన్సింగ్ తీగా ఉంటుంది. ఆగస్టుకి మొక్కజొన్న నిలువెత్తు పెరిగిపోతుంది. కోసేసిన గోధుమ చేను మేలు. వాలు పైనుంచే తెలుస్తోందంటే నిజానికి అది చాలా ఎక్కువ. అప్పుడు గాలి వెనకనుంచి వీస్తున్నా సరే, వాలు ఎక్కే దిశలోనే దిగడం మంచిది.

ఒక్కోసారి ట్రైలర్ తీసుకుని నేనూ వెళ్తాను. రైతు అరుస్తాడేమోనని మొదట్లో నాకు టెన్షన్. అరిచేవాళ్లు తక్కువే, ట్రాక్టర్ తెచ్చి సాయం చేసేవాళ్లే ఎక్కువ. అయినా మర్యాద మర్యాదే, చట్టం చట్టమే. గ్లైడర్ ముందుగా అనుకోని చోట దిగడానికి ఇక్కడ అనుమతి అక్కర్లేదు కానీ, పేరు, చిరునామా, బీమా వివరాలు పొలం వాళ్లకు ఇవ్వాలి. పంట పాడైతే పరిహారం కట్టాలి. అందుకే చేలోకి వెళ్లేముందు ఇంటి తలుపు తడతాం. సాయం పేరుతో ఊరంతా చేలో తిరిగితే గ్లైడర్ కంటే ఎక్కువ నష్టం వాళ్లే చేస్తారు!

విప్పిన రెక్కల్ని మళ్లీ బిగించేటప్పుడే నాకు అసలు భయం. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను, అంటే ఎలివేటర్‌ని, కలపకుండానే గాల్లోకి లేచి ప్రాణాలు పోయిన ఘటనలు ఈ రంగంలో ఉన్నాయి. అందుకని ఒకరు బయట నిలబడి పక్కకు వంచే ఐలరాన్, ఎలివేటర్, ఎడమకీ కుడికీ తిప్పే రడ్డర్, కిందికి దిగడానికి వాడే ఎయిర్‌బ్రేక్ ఒక్కొక్కటీ చేత్తో గట్టిగా పట్టుకోవాలి, కాక్‌పిట్‌లో ఇంకొకరు కదపాలి. పట్టుకున్న చేతికి ఒత్తిడి తగలకపోతే ఎగరడం లేదంతే. వచ్చిన కొత్తలో, తండ్రి వయసు పైలట్లను "ఇంకోసారి కదపండి" అనడానికి మొహమాటంగా ఉండేది. అననప్పుడే మా ఫోర్‌మన్ మండిపడేవాడు.