కింద కొట్టు, మీద అటక

రోమ్‌లో పియాజ్జా వెనెజియా దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా బస్సు రాకపోతే (తరచుగా రాదు) కాలక్షేపానికి ఒక మార్గం ఉంది. తెల్లగా మెరిసిపోయే విత్తోరియానో కట్టడానికీ, అరాచెలి చర్చికి ఎక్కే నిట్టనిలువు మెట్లకీ మధ్య, రోడ్డు పక్కన ఒక పాత ఇటుక కట్టడం కనిపిస్తుంది. టికెట్టు అక్కర్లేదు, వంగి చూడటమే. క్రీ.శ. రెండో శతాబ్దంలో కట్టిన అద్దె మేడ అది. నేల అంతస్తు ఇప్పటి రోడ్డుకి చాలా లోతున ఉండిపోయింది. అడుగున వరసగా కొట్లు, కొట్ల మీద అటకలు, ఆ పైన వాటాలు, ఇంకా పైకి పోతే చీకటి నడవా వెంబడి ఇరుకు గదులు. మధ్యయుగంలో దాని మీదే చర్చి కట్టుకున్నారు. 1920లలో ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ కూల్చినప్పుడు ఆ చర్చి గోడల వెనక నుంచి ఈ అద్దెకొంప బయటపడింది.

పర్యాటకులు దాన్ని దాటుకుని పైనున్న చౌకుకి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ అటకల దగ్గర చూపు ఆగిపోయేది. రోమ్‌లో నా మొదటి కాపురం కూడా అటక మీదే మరి.

చదువు కోసం వచ్చాను. స్కాలర్‌షిప్పు డబ్బులు చేతికొచ్చేసరికి సెమిస్టర్ సగం అయిపోతుందని ఇక్కడికొచ్చిన మన పిల్లలందరికీ తెలుసు. ఈలోగా రోమ్‌లోనే ఎస్క్విలినో అనే పేటలో ఒక మినీమార్కెట్‌లో పనికి కుదిరాను. యజమాని బంగ్లాదేశ్ ఆయన. అందరూ భాయ్ అంటారు, నేనూ అదే అన్నాను. మా మాటలన్నీ హిందీలో, లెక్కలు ఇటాలియన్‌లో. నీళ్ల సీసాలు, బీరు, ఉల్లిపాయలు, పాలు, వానొస్తే గొడుగులు. స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదు. కాగితం మీద అంతే రాసేవారు. కొట్టు వెనక భాగంలో గది ఎత్తుని సగానికి విడగొట్టి చెక్కతో అటక వేశారు. ఇక్కడ దాన్ని సొప్పాల్కో అంటారు. సగం నూనె డబ్బాలకీ బియ్యం బస్తాలకీ, సగం నాకు. నిచ్చెన ఎక్కి వెళ్లాలి, పైన నిటారుగా నిలబడితే తల తగులుతుంది. కింద ఫ్రిజ్‌ల మోటార్లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. జీతంలోంచి కొంత కోసుకునేవారు, అది అద్దె. ఇంట్లోవాళ్లకి మాత్రం "కొట్టు పైనే రూమ్" అని చెప్పాను. అబద్ధం కాదుగా.

ఒస్తియా ఆంతికా గురించి చెప్పింది మా క్లాసులో ఒక ఇటాలియన్ అమ్మాయి. "నువ్వు చూడాల్సింది ఫోరం కాదు, ఒస్తియా. అక్కడ వీధులు ఉన్నాయి" అంది. ఫోరం అంటే రోమ్ నడిబొడ్డున అందరూ చూసే పాత చౌకు శిథిలాలు. సెలవు రోజున వెళ్దామంటే నాకు సెలవు సోమవారం, అక్కడ గేటు మూసేసేది కూడా సోమవారమే. చివరికి నెలలో మొదటి ఆదివారం, ప్రభుత్వ మ్యూజియంలన్నీ ఉచితంగా తెరిచే రోజున, ఇంకో కుర్రాడితో షిఫ్టు మార్చుకుని వెళ్లాను.

తీబెర్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న రేవు పట్నం ఒస్తియా. రోమ్ తినే తిండిగింజలు, నూనె, తాగే ద్రాక్షసారా అన్నీ ఇటునుంచే నదిలో పైకి వెళ్లేవి. తర్వాత రేవు పూడింది, నది దారి మార్చుకుంది, జనం పలచబడ్డారు. అగ్నిపర్వతం పేలి పోయిన పాంపేయి ఊరిలా ఒక్కసారిగా బూడిద కింద పోలేదు, మెల్లగా ఖాళీ అయింది. ఇప్పుడు మనకు కనబడేది ఎక్కువగా రెండో శతాబ్దపు ఎర్ర ఇటుక ఊరు. గుళ్లు, స్నానశాలలు, నాటకశాల ఉన్నాయి. నేను వాటి మీద ఎక్కువసేపు పెట్టలేదు. దియానా వీధి అని ఒకటుంది, రోజంతా అక్కడే గడిచిపోయింది.

సన్నటి వీధి. నల్లరాతి పలకలు పరిచి ఉన్నాయి. రెండు పక్కలా అద్దె మేడలు. ఇన్సులా అంటారు వాటిని. ఒక మేడకి మొదటి అంతస్తు ఎత్తులో, వీధి మీదికి పొడుచుకొచ్చిన ఇటుక బాల్కనీ అంచు ఇంకా నిలబడి ఉంది. దాని కింద ఒకదాని పక్కన ఒకటి కొట్లు, ముందుకి పూర్తిగా తెరుచుకునే పెద్ద గుమ్మాలతో. పక్కనే ఒక టిఫిన్ కొట్టు కూడా ఉంది. పాలరాయి పరిచిన కౌంటరు, సామాన్లు పెట్టుకునే మెట్ల అరలు, గోడ మీద ఏమేం దొరుకుతాయో బొమ్మలు. గుమ్మం బయట కూర్చోడానికి అరుగులు, లోపల చిన్న పెరడు, అందులో నీళ్ల తొట్టి. పెరట్లో కూర్చునేవాడికీ, నిలబడి తాగిపోయేవాడికీ రేటు ఒకటేనో కాదో గానీ, ఇవాళ రోమ్‌లో చాలా బార్లలో (ఇక్కడ కాఫీ కొట్టునీ బార్ అనే అంటారు) కూర్చుంటే ఒక రేటు, నిలబడితే ఇంకో రేటు.

ఆ కొట్ల గడపలు చూసి ఆగిపోయాను. పొడవాటి రాతి గడప, దాని నిడివిలో ఎక్కువ భాగం సన్నటి గాడి, ఒక చివర మాత్రం గాడి లేకుండా తలుపు తిరుగుడుకి చేసిన గుంట. అర్థం కాక నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. మాది తెనాలిలో కిరాణా కొట్టు, తాత పెట్టింది. ఫోన్ గడపకి దగ్గరగా పట్టుకున్నానో లేదో, "చెక్కల తలుపు గాడి రా అది" అన్నాడు నాన్న. "మన పాత కొట్టుకి ఉండేది, నువ్వు పుట్టకముందు షట్టరు వేయించాను. ఒక్కో చెక్క గాడిలో పెట్టి జరుపుకుంటూ పోవాలి. ఏది ముందో ఏది వెనకో తెలియాలని తాత నంబర్లు వేయించాడు. ఆఖరి చెక్క ఉన్నచోట చిన్న తలుపు ఉంటుంది, రాత్రి లోపల పడుకునేవాడు వచ్చేపోయే దారి."

తర్వాత చదివితే అచ్చంగా అదే. పాంపేయిలో ఇలాంటి చెక్కల తలుపు బూడిదలో వదిలిన గుర్తుల్లో ప్లాస్టర్ పోసి ఆకారం తీశారు కూడా. నాన్న మాత్రం "లోపల ఎవడు పడుకునేవాడు మరి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను.

జవాబు కొట్టు వెనక మూలలోనే ఉంది. చాలా కొట్లలో మూల గోడకి ఆనించి నాలుగైదు ఇటుక మెట్లు కనిపిస్తాయి, ఆ పైన ఏమీ ఉండదు. మిగతాది చెక్క నిచ్చెన, ఎప్పుడో పోయింది. అది ఎక్కితే అటక. గుమ్మం పైన గోడలో ఒక చిన్న కిటికీ ఉంటుంది, అటకకి వచ్చే వెలుతురంతా దాంట్లోంచే. అమ్మేవాడూ వాడి పెళ్లాం పిల్లలూ రాత్రికి అక్కడే. ఒక పక్క సరుకు, ఒక పక్క పడకలు. నా సొప్పాల్కోకి కిటికీ కూడా లేదు, ఆ లెక్కన వాళ్లే నయం.

పై వాటాల వాళ్ల దారి వేరు. రెండు కొట్ల మధ్య సన్నటి గుమ్మం, దాంట్లోంచి వీధిలోనుంచే నేరుగా పైకి మెట్లు. వాళ్లకి కొట్టువాడితో పని లేదు, కొట్టువాడికి వాళ్ల మెట్లతో పని లేదు. ఒస్తియా వీధిలో నడుస్తూ గుమ్మాలు లెక్కపెడితే, ఏది అమ్మకానికి, ఏది కాపురానికి అన్నది వెడల్పు చూసి చెప్పెయ్యొచ్చు.

ఎత్తు పెరిగేకొద్దీ అద్దె తగ్గేది. లిఫ్టు లేదు, నీళ్లు వీధి తొట్టి నుంచి మోసుకెళ్లాలి, మరుగుదొడ్డి సాధారణంగా కిందే. నిప్పంటుకుంటే పైవాడికి దిగే దారి ఉండదు. డబ్బున్నవాళ్లు నేల అంతస్తులోనో, మొదటి అంతస్తులోనో పెద్ద వాటాల్లో ఉండేవాళ్లు. ఇప్పుడు తారుమారైంది. మా బిల్డింగులో లిఫ్టు పెట్టాక అన్నిటికంటే ఖరీదు పై అంతస్తుదే, టెర్రస్ ఉంది కాబట్టి. ఎత్తుకి హద్దు కూడా పెట్టారు అప్పట్లో. ఆగస్టస్ చక్రవర్తి వీధి వైపు మేడలు 70 అడుగులు దాటకూడదన్నాడు, తర్వాతి కాలపు చక్రవర్తి ట్రాజన్ దాన్ని 60కి దించాడు. రూల్ తగ్గించాల్సి వచ్చిందంటే మొదటి రూల్ ఎలా పనిచేసిందో ఊహించుకోవచ్చు.

ఇక అసలు సంగతి. ఈ మేడలు వాటిలో కాపురం ఉంటున్నవాళ్లవి కావు. సొంతదారు వేరే ఎక్కడో పెద్ద ఇంట్లో ఉంటాడు. మేడ మొత్తాన్ని ఒకడు గుత్తకి తీసుకుంటాడు. వాడు కొట్లు విడిగా, వాటాలు విడిగా అద్దెకిస్తాడు. వాటా తీసుకున్నవాడు అందులో ఒక గది ఇంకొకడికి ఇచ్చుకోవచ్చు. కొట్లో కూర్చుని అమ్మేవాడు కూడా చాలాసార్లు యజమాని కాదు. యజమాని తరఫున వ్యాపారం నడిపే మనిషి, బానిస కావచ్చు, విడుదలైన బానిస కావచ్చు. పాంపేయి గోడ మీద రాసిన టు-లెట్ ప్రకటన ఒకటి దొరికింది. గ్నేయుస్ అల్లేయుస్ నిగిదియుస్ మయుస్ అనే ఊరి పెద్దమనిషి భవనంలో అటకలతో సహా కొట్లు, పై వాటాలు, ఇల్లు జులై 1 నుంచి అద్దెకు ఇవ్వబడును, కావలసినవారు ఆయన బానిస ప్రీముస్‌ని కలవండి, అని. అటకలతో సహా, అని ప్రత్యేకంగా రాయించాడు చూశారా. అదీ ఒక సౌకర్యమే మరి. పెద్దమనిషి పేరు పైన, మాట్లాడాల్సింది మాత్రం ప్రీముస్‌తో.

నా సంగతీ దాదాపు ఇంతే. కొట్టు గది ఒక ఇటాలియన్ ముసలాయనది, నేను ఆయన్ని చూడలేదు. ఆయన దగ్గర లీజు భాయ్ బావగారిది. బావగారి దగ్గర భాయ్. భాయ్ దగ్గర నేను. పర్మిట్ రెన్యువల్‌కి ఎక్కడ ఉంటున్నానో రాసిచ్చే కాగితం కావాల్సొచ్చినప్పుడు ఈ గొలుసులో ఎవరూ సంతకం పెట్టలేదు. అటక మీద మనిషి ఉంటున్నాడని రాసిస్తే ఇబ్బంది వాళ్లకే. చివరికి సిటీ అంచున ఒక ఫ్లాట్‌లో పడక అద్దెకి తీసుకున్నాను, నలుగురు తెలుగువాళ్లం ఒక గదిలో. అక్కడ కాగితం ఇచ్చారు. పనికి రానూ పోనూ టైమ్ పెరిగింది, నడుం నొప్పి తగ్గింది.

క్రీ.పూ. 44లో సిసెరో అనే రోమన్ వక్త తన స్నేహితుడికి రాసిన ఉత్తరం ఒకటి ఉంది. తన కొట్లు రెండు కూలిపోయాయట, మిగతావి బీటలు వారాయట, అద్దెకున్నవాళ్లే కాదు ఎలుకలు కూడా ఖాళీ చేసి వెళ్లిపోయాయట. పైగా ఈ నష్టాన్ని లాభంగా మార్చే ఉపాయం దొరికిందని కూడా రాశాడు. అంత గొప్ప వక్త, ఉత్తరం నిండా చమత్కారం. కూలిన కొట్ల అటకల మీద ఎవరైనా ఉన్నారా అన్న ఊసు లేదు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం ఆ ఉత్తరంతో కొంచెం తగ్గింది.

ఒస్తియాలో నాకు నచ్చిన మనిషి వేరే ఉంది, రాతిపలక మీద చెక్కిన ఒకావిడ. బల్ల వెనక నిలబడి కోళ్లు, కుందేళ్లు, నత్తలు అమ్ముతుంటుంది. బల్ల మీద ఒక చివర రెండు కోతులు, జనాన్ని ఆకర్షించడానికి కాబోలు. ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఇంకోచోట చేపల కొట్టు నేల మీద తెలుపు నలుపు రాళ్లతో బొమ్మ పరిచి, "ఓర్వలేనివాడా, నిన్ను తొక్కేస్తున్నా" అని రాయించుకున్నారు. వ్యాపారం బాగానే సాగి ఉంటుంది. నాటకశాల వెనక పెద్ద చౌకులో వరసగా గదులు, ఒక్కో గది ముందు ఒక్కో ఊరి వర్తకుల గుర్తు. ఉత్తర ఆఫ్రికాలోని సబ్రాతా వాళ్లది ఏనుగు. కార్తేజ్ వాళ్లు, దక్షిణ ఫ్రాన్స్‌లోని నార్బోన్ వాళ్లు కూడా అక్కడ ఉన్నారు. ఎస్క్విలినో మార్కెట్‌లో మన బెండకాయ, కరివేపాకు అమ్మే వరస పక్కనే చైనా వాళ్ల వరస, ఆ పక్కన ఆఫ్రికా వాళ్లది. రోమ్ ఇప్పుడు పరాయివాళ్లతో నిండిపోయిందని గొణిగే కస్టమర్లని ఒకసారి ఆ చౌకుకి తీసుకెళ్లాలనిపిస్తుంది.

కింద ఉన్నవాడికీ మీద ఉన్నవాడికీ గొడవలు ఎప్పుడూ ఉన్నవే. పై అంతస్తునుంచి ఏదైనా విసిరినా, ఒలకబోసినా కిందివాడికి జరిగిన నష్టానికి రెట్టింపు కట్టాలని రోమన్ చట్టం. బానిస కాని మనిషి చచ్చిపోతే 50 బంగారు నాణేలు. ఎవరు విసిరారో తేలకపోతే ఆ వాటాలో ఉంటున్నవాళ్లందరి మీదా పడుతుంది. మా కొట్టు మీది అంతస్తు సిన్యోరా (అమ్మగారు) రోజూ పొద్దున్నే జెరానియం కుండీలకి నీళ్లు పోస్తుంది, ఆ నీళ్లు సరిగ్గా మా ఉల్లిపాయల డబ్బా మీద పడతాయి. ఈ చట్టం సంగతి భాయ్‌కి చెప్పాను. ఆయన నవ్వి, డబ్బాని రెండడుగులు పక్కకి జరపమన్నాడు.

ఒస్తియా చూడాలనుకునేవాళ్లకి: మెట్రో బి లైన్‌లో పిరమిదే దగ్గర దిగి, పక్కనే ఉన్న పోర్తా సాన్ పావోలో స్టేషన్లో లీదో రైలు (ఇప్పుడు మెట్రోమారే అంటారు) ఎక్కండి. సిటీ టికెట్టే చెల్లుతుంది. ఒస్తియా ఆంతికా స్టేషన్ నుంచి నడక దూరం. సోమవారం వెళ్లకండి. నీడ తక్కువ, టోపీ పెట్టుకోండి. నాటకశాల దాటి కాస్త ముందుకెళ్లాక కుడివైపు సందుల్లోకి తిరిగితే దియానా వీధి వస్తుంది. కొట్లలోకి అడుగుపెట్టాక ముందు గడప చూడండి, తర్వాత వెనక మూల.