లిటిల్ అండమాన్ అడవి అరటి

మాది పోర్ట్ బ్లెయిర్. అమ్మావాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. బోటనీలో చేరినప్పటి నుంచి మూసా ఇండండమానెన్సిస్ అనే అడవి అరటి అంటే నాకు ప్రాణం. 2012లో లిటిల్ అండమాన్‌లోని కృష్ణా నాలా అడవిలో కనిపించిన ఈ అరటిని బొటానికల్ సర్వే శాస్త్రవేత్త లాల్ జీ సింగ్ 2014లో కొత్త జాతిగా వర్ణించారు. చెట్టు సుమారు 11 మీటర్లు, గెల దాదాపు మీటరు. పువ్వులు ఆకుపచ్చ, పండు గుజ్జు నారింజ రంగు!

అసలు అరటిని హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కని అతికించి భద్రపరిచే కాగితం) మీదకి ఎక్కించడమే పెద్ద పని. మా పెరటి చెట్టుతో ఓసారి ప్రయత్నించాను. ఒక్క ఆకే షీటుకి పట్టలేదు, ముక్కలు కోశాను. పువ్వు రెండు రోజుల్లో నల్లబడింది, డొప్పకి బూజు పట్టింది. అందుకే రంగులు, కొలతలు చెట్టు దగ్గరే, పచ్చిగా ఉన్నప్పుడే రాసుకోవాలి. అడవిలో నిలబడి ఆ పని చేసేవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.