చేతులు కట్టుకుని కూర్చోవడం

చూపు లేనివాళ్లకి, తగ్గినవాళ్లకి నేను కంప్యూటర్ నేర్పే క్లాసుకి ఈరోజు ఇద్దరే వచ్చారు. మిగతావాళ్లకి కుదరలేదట. ఒకందుకు మంచిదే అయింది, ఒక్కొక్కరి పక్కన కావలసినంతసేపు కూర్చోగలిగాను.

ముందు, కొత్తగా చేరిన పెద్దాయన. గ్లకోమాతో చూపు పూర్తిగా పోయి రెండేళ్లయింది. కీబోర్డంటే ఆయనకి భయం. తప్పు కీ నొక్కితే ఏదో చెరిగిపోతుందని వేళ్లు గాల్లోనే ఆపుకుంటున్నారు. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలుంటాయి, చూపుడు వేళ్లకి తగులుతాయి, ఎటు తప్పిపోయినా వాటి దగ్గరికి వచ్చేస్తే చాలని చెప్పాను. తర్వాత ఎన్‌వీడీఏలో, అంటే తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌లో, ఇన్సర్ట్ పట్టుకుని ఒకటి అంకె నొక్కించాను. దాంతో ఏ కీ నొక్కినా పేరు చెప్తుంది తప్ప పనేమీ జరగదు.

"అంటే, ఏం పాడవదా?"

"ఏం పాడవదు సార్. మీ ఇష్టమొచ్చినట్టు నొక్కండి."

అరగంటసేపు నొక్కుతూనే ఉన్నారు. తన పేరులో అక్షరాలన్నీ ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నారు. మధ్యలో ఉన్నట్టుండి, "దీన్ని తయారుచేసినవాళ్లకి కళ్లు కనిపిస్తాయా?" అనడిగారు. కనిపించవన్నాను. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే కుర్రాడు ఎన్‌వీడీఏని మొదలుపెట్టాడని, స్నేహితుడు జేమ్స్ టే తోడయ్యాడని, ఇద్దరికీ చూపు లేదని, అప్పట్లో స్క్రీన్ రీడర్లు కొనాలంటే మాటలు కాదు గనక దీన్ని ఉచితంగా ఇచ్చేశారని చెప్పాను. "అయితే వాళ్లకి తెలుసన్నమాట" అని మళ్లీ కీల మీదికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆవిడ. చాలా ఏళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసిన మనిషి. రెటినైటిస్ పిగ్మెంటోసా. రేచీకటితో మొదలై, చుట్టుపక్కల చూపంతా తగ్గుతూ తగ్గుతూ, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. మూణ్ణెల్లుగా, తెరమీది అక్షరాల్ని పెద్దవి చేసి చూపించే మాగ్నిఫైయర్‌ని వదలడం లేదు. ఈ జబ్బులో దాంతో ఒక చిక్కుంది. అక్షరాన్ని ఎంత పెద్దది చేస్తే ఆ చిన్న కంతలో అంత తక్కువ పడుతుంది. మాటలో సగం కనిపిస్తుంది, మిగతా సగం కోసం మౌస్ జరపాలి, ఈలోగా ఏ వరుసలో ఉన్నారో మర్చిపోతారు. ఒక పేజీ అయ్యేసరికి కణతలు నొక్కుకుంటూ కూర్చుంటారు.

కిందటి వారం నేను తొందరపడి, "మానిటర్ ఆపేసి చేద్దామా అమ్మా?" అన్నాను. "ఉన్న చూపు కూడా వాడొద్దంటారా మేడం?" అన్నారావిడ. వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు. ఉన్నదాన్ని లేదనుకోమనడానికి నేనెవర్ని? అందుకే ఈరోజు వేరేగా అడిగాను. మానిటర్ ఉండనిద్దాం, పేజీ ఎలా ఉందో కళ్లతో చూసుకోండి, చదివే పని మాత్రం చెవులకి అప్పజెప్పండి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత విండోస్ కీ పట్టుకుని ఎస్కేప్ నొక్కి మాగ్నిఫైయర్‌ని తనే మూసేశారు.

పని ఒక ఆన్‌లైన్ దరఖాస్తు. కింది బాణం కీతో ఒక్కో వరుసా వింటూ పేరు రాసే గడి దగ్గరికి చేరారు. రాయడం మొదలుపెట్టారు. ఆవిడ పేరులో హెచ్ ఉంది. స్క్రీన్ రీడర్ గబుక్కున తర్వాతి శీర్షిక చదివింది. ఇంకో అక్షరం నొక్కితే ఇంకెక్కడికో దూకింది. ఏం జరిగిందో నాకు తెలుసు. చదివే పద్ధతిలో ఉన్నప్పుడు అక్షరాలు రాతకి పనికిరావు, హెచ్ అంటే శీర్షిక, బి అంటే బటన్, కె అంటే లింకు. నా చెయ్యి దానంతటదే ఆవిడ కీబోర్డు వైపు లేచింది.

వెనక్కి తీసుకుని చేతులు కట్టుకున్నాను. కొత్తలో నేనే నొక్కేసేదాన్ని. "మీ దగ్గర వచ్చింది ఇంటికెళ్తే రావట్లేదు మేడం" అని ఒకతను చెప్పేదాకా నాకు తెలియలేదు, అతనికి వచ్చిందనుకున్న పనిలో సగం నా వేళ్లు చేసిందేనని. అతను వృథా చేసుకున్న ఆ వారాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అప్పటినుంచి ఎవరి కీబోర్డూ ముట్టుకోను. "ఇక్కడ", "అక్కడ" అనే మాటలు కూడా మానేశాను, వినేవాళ్లకి వాటితో పనిలేదు.

ఆవిడ కంట్రోల్ నొక్కి స్క్రీన్ రీడర్ గొంతు ఆపారు. గదంతా నిశ్శబ్దం. తల కాస్త పక్కకి వంచి, మెల్లగా, "నేను రాస్తున్నానని దీనికి తెలీదు. చదువుతున్నాననుకుంటోంది" అన్నారు. వెనక్కొచ్చి, గడి మీద ఎంటర్ కొట్టారు. పద్ధతి మారినప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు వినపడింది. ఆవిడ భుజాలు కిందికి దిగడం చూశాను. అక్కణ్ణుంచి ఒక్క గడి కూడా తప్పలేదు.

చివరికొచ్చేసరికి రెండు బటన్లు. రెండింటికీ స్క్రీన్ రీడర్ చెప్పింది ఒకటే మాట, "బటన్", "బటన్". ఇన్సర్ట్ ఆర్ నొక్కి బొమ్మలో అక్షరాలేమైనా దొరుకుతాయేమో చూశాం. లేవు. ఒకటి టిక్కు గుర్తు, ఇంకోటి కొట్టివేత గుర్తు. ఒకటి పంపిస్తుంది, ఇంకోటి రాసిందంతా చెరిపేస్తుంది. కళ్లతో చూసినా ఆ సన్నటి గీతలు ఆవిడకి అందలేదు. మొదటిదే పంపేదని నేను చెప్పాల్సి వచ్చింది.

"మీరు పక్కన లేకపోతే?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ బటన్‌కి పేరు పెట్టడానికి తయారుచేసినవాళ్లకి ఒక్క వరుస కోడ్ చాలు. ఎంత జాగ్రత్తగా నేర్చుకున్నా, పేరు పెట్టని బటన్ దగ్గర ఈ మనిషి ఆగిపోవాల్సిందే. ఇది ఆవిడకి రాకపోవడం కాదని గట్టిగా చెప్పాను, ఎందుకంటే ఇలాంటప్పుడు తప్పు తమదేననుకుని మానేసేవాళ్లని చూశాను.

"వాళ్లకి రాద్దాం" అన్నారావిడే.

మిగిలిన సమయమంతా ఆ మెయిల్‌కే పోయింది. ఏ పేజీ, ఏ బటన్, స్క్రీన్ రీడర్ ఏమంటోంది, ఏమనాలి, అన్నీ వరుసగా రాశారు, లెక్కలు రాసిన చెయ్యి కదా. పంపేముందు మొత్తం ఒకసారి విన్నాం. బటన్ అనే మాట 11 సార్లు వచ్చింది. కొన్ని తీసేద్దామా అనడిగాను. ఒక్కటీ తీయనన్నారు.