పేజర్ మోగిన క్రిస్మస్

రెండో పాట సగంలో ఉండగా ముందు వరుసలో పేజర్ మోగింది. ఇద్దరు లేచి, పాటల కాగితాలు కుర్చీల్లో పెట్టేసి పరిగెత్తారు. ఎక్కడో గోధుమ చేలో మంటట. ఆస్ట్రేలియాలో మా విక్టోరియా రాష్ట్రపు పల్లెల్లో ఫైరింజన్ నడిపేది ఊరివాళ్లే, సీఎఫ్ఏ (కంట్రీ ఫైర్ అథారిటీ) అనే అగ్నిమాపక సంస్థ వాలంటీర్లు, పైగా డిసెంబరంటే ఇక్కడి విమ్మెరా ప్రాంతంలో కోతల కాలం.

ఇవాళ టోటల్ ఫైర్ బ్యాన్, అంటే ఆరుబయట నిప్పు వెలిగించకూడదు, అందుకే చర్చి బయట మా చేతుల్లో కొవ్వొత్తులు కూడా బ్యాటరీవే. పాట ఆగలేదు గానీ అందరి కళ్లూ రోడ్డు మీదే.

తలా ఒక వంటకం తెచ్చిన బల్ల దగ్గర ఒక పెద్దావిడ నా పులిహోర రెండు ప్లేట్లలోకి తీసి, ఫాయిల్ కప్పి పక్కన పెట్టారు, వాళ్లు ఆకలితో వస్తారని. చిన్నప్పుడు మా ఊళ్లో గడ్డివాము అంటుకుంటే బిందెలతో పరిగెత్తినవాళ్లందరూ గుర్తొచ్చారు.

పదిన్నరకి వచ్చారు, మొహాల నిండా మసి. నిలబడే తిన్నారు. ఇంకొంచెం ఉందా అని అడిగారు ఒకాయన.