నల్గొండ దుమ్ములో స్లాట్ కారు: మోటారు కంటే టైర్లే కలిసొచ్చాయి

స్లాట్ కారంటే ట్రాక్ గాడిలో, పట్టీల నుంచి కరెంటు అందుకుని పరిగెత్తే బొమ్మ కారు. నా 1:32 కారుకి (అసలు కారులో 32వ వంతు సైజు) కొత్త మోటారు వచ్చింది. 12 వోల్టుల దగ్గర 18,000 ఆర్‌పీఎం తిరిగే మామూలు రకమే. మోటారులో కరెంటు అందించే కొత్త కార్బన్ బ్రష్‌లు, వాటికి ఆనుకుని తిరిగే కమ్యుటేటర్ గుండ్రానికి సరిగ్గా ఆనవు, కాస్త అరగాలి. అందుకే లోడ్ లేకుండా 3 వోల్టుల మీద తిరగనిచ్చాను. రెండు పెన్సిల్ సెల్స్ వరసగా కలిపినా సరిపోతుంది. మొదట గరగరలాడింది, పోనుపోను చప్పుడు సన్నబడింది. ఎండాకాలం మేడ మీది గదిలో మోటారు ఊరికే వేడెక్కుతుంది, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వాలి. చివర్లో షాఫ్ట్ తిరిగే చిన్న రింగులకి, అంటే బుష్‌లకి, సూది మొనతో కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. ఎక్కువైతే కమ్యుటేటర్ మీదికి పాకి, కార్బన్ పొడితో కలిసి నల్లటి జిడ్డు కడుతుంది.

బ్రష్‌లు అరగడానికి మోటారుని నీళ్లలో ముంచి తిప్పేవాళ్లూ ఉన్నారు. మా బోరు నీళ్లకి బకెట్టుకే తెల్లటి పొర కడుతుంది, ఇక బుష్‌ల గతేంటి?

పాత టైర్లతో ల్యాప్ 6.4 సెకన్ల నుంచి 6.3కి వచ్చింది, అంతే. అసలు పని వెనక టైర్లది. సిలికాన్ టైర్లు శుభ్రమైన ట్రాక్ మీద బాగానే పట్టుకుంటాయి గానీ, కిటికీ తీస్తే చాలు, మా వీధి దుమ్ముకి జారిపోతాయి. నేను రబ్బరువే వాడతాను.

మొదట వెనక టైరు లోపలి అంచుకి సన్నగా జిగురు పెట్టి రిమ్‌కి అంటించాను, లేకపోతే స్పీడులో రిమ్ మీద జారుతుంది. కారుని ట్రాక్‌కి పట్టి ఉంచే అడుగు అయస్కాంతం తీసేసి, ప్రకాశం బజార్లో కొన్న 240 నంబర్ వాటర్ పేపర్‌ని (గరుకు కాగితం) ట్రాక్ మీద టేపుతో అంటించి, దాని మీద వెనక చక్రాలు తిరిగేలా కారుని పట్టుకున్నాను. టైరు చుట్టూ తెల్ల మార్కర్ పూయడం మర్చిపోవద్దు. గీత చెరగకుండా మిగిలిన చోటే పల్లం. నా ఎడమ టైరుకి లోపలి సగమంతా తెల్లగానే ఉండిపోయింది, అంటే ఇన్నాళ్లూ సగం టైరు మీదే నడిచింది! గట్టిగా నొక్కితే రబ్బరు వేడెక్కి చిరిగినట్టు అవుతుంది. నునుపుకి 600 నంబర్. బయటి అంచు కొద్దిగా గుండ్రం చేస్తే మలుపులో కారు తిరగబడదు.

టైరు అరిగిన కొద్దీ కారు కిందికి దిగుతుంది, అయస్కాంతం ట్రాక్ పట్టీలకి దగ్గరవుతుంది. పట్టు పెరుగుతుంది గానీ మోటారుకి భారం. అందుకే అయస్కాంతాన్ని కాస్త పైకి జరిపి బిగించాను.

ఇప్పుడు ల్యాప్ 5.8. మా తమ్ముడు "మోటార్ల ఏమన్న మార్చినవా అన్నా?" అని అనుమానపడుతున్నాడు. ఇక మోటారు మీది పినియన్, వెనక ఇరుసు మీది క్రౌన్ గేర్ల మధ్య సందు చూడాలి. బ్రేక్ పడినప్పుడు కటకటమంటోంది.